వరద తగ్గి మూడేళ్లయినా కడుపు కుదుటపడలేదు: ఇది టెన్షనా, ఇమ్యూనిటీనా?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్తాను. అడిగినావిడ పి.గన్నవరం దగ్గర ఒక లంక గ్రామం కోడలు, కాలేజీలో పాఠాలు చెప్తారు, వయసు 31. 2022 జులై వరదలప్పుడు ఇంటిల్లిపాదికీ విరేచనాలు పట్టుకున్నాయి. మిగతావాళ్లకి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోయాయి. ఈవిడకి పది రోజులు పట్టింది, ఆ తర్వాత కడుపు మళ్లీ మునుపటిలా కాలేదు. వారంలో మూడు నాలుగు రోజులు నొప్పి, బాత్రూముకి వెళ్లొస్తే కాస్త నెమ్మది, క్లాసు ఉన్న రోజు ఇంట్లోంచి బయల్దేరేలోపు మూడు సార్లు. కొలనోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. డాక్టరుగారు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పరీక్షల్లో పేగు బాగానే కనిపించినా నొప్పి, విరేచనాల్లాంటి ఇబ్బంది పెట్టే జబ్బు) అని చెప్పి రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. మందుల షాపు అబ్బాయి "ఇది డిప్రెషన్ మాత్ర కదండీ" అన్నాడట. అత్తగారు "నేను చెప్తూనే ఉన్నాను, అంతా నీ టెన్షనే" అంటున్నారు. పక్కింటివాళ్లు ఇమ్యూనిటీ తగ్గిందని ఒక పొడి డబ్బా తెచ్చిచ్చారు. ఆవిడ అడిగేది: ఇది మనసు జబ్బా, పేగు జబ్బా? మాత్ర వేసుకోవాలా, పొడి వేసుకోవాలా? మాత్ర మీద ఉంటే పిల్లల కోసం ప్రయత్నించవచ్చా?

నా సమాధానం ఇది. జబ్బు మీ పేగులోనే ఉంది, మీరు ఊహించుకుంటున్నది కాదు. మాత్ర వేసుకోండి, పొడి పక్కన పెట్టండి. మీ అత్తగారి మాటలో కొంత నిజముంది కానీ "అంతా" అన్న మాట తప్పు. పక్కింటివాళ్ల మాటలోనూ కొంత నిజముంది కానీ వాళ్లు దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. మీ ఇమ్యూనిటీ తగ్గలేదు. పేగు గోడలో అది అవసరానికి మించి మేల్కొని ఉంది.

నేను పాత ఉభయగోదావరి జిల్లాల్లోనే పాతికేళ్లుగా గ్యాస్ట్రోఎంటరాలజీ ప్రాక్టీసు చేస్తున్నాను. వరద వచ్చిన ఏడాది, ఆ తర్వాతి ఏడాది మీలాంటి కేసులు ఎక్కువ చూస్తాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ఊళ్లో జరిగిందే ఇంకోచోట జరిగితే దాన్ని ఏళ్ల తరబడి గమనించారు. కెనడాలో వాకర్టన్ అనే చిన్న ఊరు, జనాభా ఐదు వేల లోపు. 2000 మే నెలలో కుండపోత వానకి పొలంలోని పశువుల పేడ కొట్టుకొచ్చి ఊరి మంచినీళ్ల బావిలో కలిసింది. ఈ.కోలై, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా నీళ్లలోకి వచ్చాయి. రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. రెండు మూడేళ్ల తర్వాత ఆ ఊళ్లోవాళ్లని పరీక్షిస్తే, అప్పుడు జబ్బు పడనివాళ్లలో పది మందికి ఒకరికి ఐబీఎస్ ఉంది. గట్టిగా జబ్బుపడినవాళ్లలో దాదాపు మూడో వంతుకి ఉంది. బాక్టీరియా ఎప్పుడో వెళ్లిపోయింది, కడుపు మాత్రం మునుపటి దారికి రాలేదు. దీన్నే ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే ఐబీఎస్ అంటాం. మీకు ఊరట కలిగించే సంగతి కూడా అక్కడే ఉంది: ఎనిమిదేళ్లకి మళ్లీ చూస్తే జబ్బుపడినవాళ్లలో ఆ సంఖ్య సుమారు 28 శాతం నుంచి 15 శాతానికి దిగింది. అంటే చాలామందికి మెల్లగా సర్దుకుంది.

మరి ఇంట్లో అందరికీ తగ్గి మీకే ఎందుకు మిగిలింది? విరేచనాలు ఎక్కువ రోజులు సాగినవాళ్లకి, ఆడవాళ్లకి, జబ్బు వచ్చిన సమయంలో ఆందోళనలోనో దిగులులోనో ఉన్నవాళ్లకి ఇది మిగిలిపోయే అవకాశం ఎక్కువ. మీరు రాసినదాంట్లోనే ఉంది: ఇల్లు నీళ్లలో, మామగారిని పడవలో పునరావాస కేంద్రానికి దాటించడం, అదే నెలలో ఉద్యోగం పర్మనెంటు అవుతుందో లేదో తెలియకపోవడం. మనసు, ఇన్ఫెక్షన్ ఒకేసారి వచ్చి పడ్డాయి. మనసు బాగోక కడుపు చెడిందా, కడుపు చెడి మనసు పాడైందా అని విడదీయాలని చూస్తే దారి దొరకదు.

ఇప్పుడు పేగు గోడ లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మన పేగు గోడలో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. ఒంట్లోని రోగనిరోధక కణాల్లో పెద్ద వంతు కూడా అక్కడే ఉంటుంది. ఈ రెండూ పక్కపక్క ఇళ్లవాళ్లు, ఒకరి మాట ఒకరికి వినపడుతుంది. నిరోధక కణాల్లో మాస్ట్ కణాలని ఉంటాయి, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినప్పుడు హిస్టమిన్ విడిచేది ఇవే. 2004లో ఇటలీలోని బొలోన్యాలో ఐబీఎస్ ఉన్నవాళ్ల పెద్దపేగు నుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూశారు. కొలనోస్కోపీలో నున్నగా, గులాబీ రంగులో, ఏ లోపమూ లేనట్టు కనిపించిన పేగే. కానీ లోపల మాస్ట్ కణాలు ఎక్కువగా ఉన్నాయి, అవి నాడీ తంతువులకు దగ్గరగా చేరి ఉన్నాయి. ఎంత దగ్గరగా ఉంటే నొప్పి అంత ఎక్కువ. అందుకే మీ కొలనోస్కోపీ నార్మల్ అన్నదీ నిజమే, మీ నొప్పీ నిజమే.

వరద తెలిసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏటిగట్టు మీద రాత్రంతా లాంతర్లు పట్టుకుని కాపలా కాస్తారు. మీ పేగులో వరద వెళ్లిపోయింది కానీ కాపలావాళ్లని ఇంటికి పొమ్మని ఎవరూ చెప్పలేదు. కప్ప దూకినా గండి పడిందని కేకలేస్తున్నారు. పైగా 11.75 అడుగులకి మోగాల్సిన హెచ్చరిక ఇప్పుడు ఆరడుగులకే మోగుతోంది. మామూలు గ్యాస్, మామూలు భోజనం, మీ ఇంట్లో మిగతావాళ్లకి తెలియను కూడా తెలియని కదలిక మీకు నొప్పిగా తెలుస్తుంది. కాపలావాళ్లే ఎక్కువైన చోట ఇమ్యూనిటీ పొడి పోసి ఇంకొంతమందిని గట్టు మీదికి పంపడం ఎందుకు? ఆ పొళ్లలో చాలావాటిలో తేనె, చక్కెర, కృత్రిమ తీపి ఏదో ఒకటి ఉంటుంది, కడుపు ఉబ్బరానికి అవే చాలు.

మరి టెన్షన్ ఎక్కడ దూరుతుంది? కంగారు పడినప్పుడు మెదడు సీఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుస్తుంది. దాన్ని అందుకునే గ్రాహకాలు మాస్ట్ కణాల మీద కూడా ఉన్నాయి. బెల్జియంలోని లూవెన్‌లో 2014లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న యువకుల చేత జనం ముందు ఉపన్యాసం ఇప్పించి, చిన్నపేగు గోడ ఎంత జల్లెడలా మారిందో కొలిచారు. ఉపన్యాసం కంగారుకి స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్ పెరిగినవాళ్లలో గోడ వదులైంది. ముందుగా మాస్ట్ కణాలను నెమ్మదింపజేసే మందు ఇస్తే వదులు కాలేదు. మీరు క్లాసుకి వెళ్లే రోజు పొద్దున్న జరిగేది దీనికి చాలా దగ్గరగా ఉంటుందని నా నమ్మకం. భయం మీ తలలో పుడుతుంది, సరే. కానీ తలలోనే ఆగిపోదు.

వెనక్కి వచ్చే దారి ఇంతకంటే వెడల్పు. పేగు నుంచి మెదడుకి వెళ్లే వేగస్ నాడిలో దాదాపు 80 శాతం తంతువులు కిందినుంచి పైకి కబురు మోసేవే. ఇది చదివి తెలుసుకున్నదే అయినా నాకు గట్టిగా అర్థమైంది మాత్రం ఒక పేషెంటు వల్ల. 2015లో సోఫోస్‌బువిర్ మాత్రలు మన దేశంలో చవగ్గా దొరకడం మొదలయ్యేదాకా హెపటైటిస్ సీకి వారం వారం ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం. ఇంటర్‌ఫెరాన్ అంటే మన నిరోధక కణాలు వైరస్ వచ్చినప్పుడు సొంతంగా పంపుకునే సంకేతమే, దాన్ని సీసాలో పెట్టి ఇచ్చేవాళ్లం అంతే. తణుకు వైపు రైస్ మిల్లులో గుమస్తా ఒకాయన, వెయిటింగ్ హాలులో పదిమందిని నవ్వించే మనిషి. ఆరో ఇంజెక్షన్‌కి వచ్చినప్పుడు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. "ఏమైందండీ" అంటే, "ఏమీ అవలేదండి, అదే అర్థం కావట్లేదు. అప్పు లేదు, గొడవ లేదు, పిల్ల పెళ్లి కుదిరింది. బతకబుద్ధి కావట్లేదండి" అన్నారు. ఇంజెక్షన్ ఆపి, సైకియాట్రిస్టుకి చూపించాం. కొన్ని వారాలకి ఆయన మళ్లీ ఆయనయ్యారు. ఆ మందు తీసుకున్నవాళ్లలో నలుగురైదుగురికి ఒకరు ఇలా దిగులులోకి జారేవారు. నిరోధక సంకేతం ఒక్కటే మనిషి మనసుని అంత మార్చగలదని ఆ ఏళ్లలో కళ్లారా చూశాను.

ఐబీఎస్‌లో ఆ సంకేతం అంత పెద్దది కాదు, అది కూడా చెప్పాలి. రక్తంలో ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి నిరోధక సంకేతాలు కొందరిలో కాస్త ఎక్కువుంటాయి, కొందరిలో ఉండవు, అధ్యయనాలు ఒకదానితో ఒకటి కలవవు. కాబట్టి ల్యాబులవాళ్లు ప్యాకేజీ అంటే వాటికి డబ్బు పోయకండి. ఆ రిపోర్టు చూసి నేను మందు మార్చేది ఏమీ ఉండదు.

ఆస్ట్రేలియాలో ఒక అధ్యయనం 12 ఏళ్లు సాగింది. మొదట్లో ఆందోళన ఉన్నవాళ్లకి తర్వాత కడుపు జబ్బులు ఎక్కువ వచ్చాయి. మొదట్లో మనసు బాగానే ఉండి కడుపు బాగోనివాళ్లకి తర్వాత ఆందోళన, దిగులు ఎక్కువ వచ్చాయి. మీ అత్తగారికి ఈ రెండో వాక్యం వినిపించండి. 2021లో ఐబీఎస్ ఉన్న 53 వేల మంది జన్యువుల్ని పరిశీలిస్తే ఆరు చోట్ల తేడా కనిపించింది. అందులో చాలావరకు పేగు జన్యువులు కావు, నాడీవ్యవస్థవి, ఆందోళనలోనూ డిప్రెషన్‌లోనూ కనిపించేవి. అంటే రెండు జబ్బులకీ వేళ్లు కొంత ఒకే మట్టిలో ఉన్నాయి. కడుపు తరుక్కుపోయింది అని మనవాళ్లు దుఃఖానికి వాడే మాట ఊరికే పుట్టలేదు.

మా దగ్గరికొచ్చే రొయ్యల రైతు ఒకాయన దీన్ని నాకంటే బాగా పట్టుకున్నారు (వివరాలు కొంచెం మార్చాను). డైరీ రాయమంటే చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆయన చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో రాసుకునే పుస్తకంలోనే పక్కన గీత గీసి కడుపు సంగతి రాసుకొచ్చారు. ఒక పేజీ ఇలా ఉంది: "రాత్రి 2.10 కరెంటు పోయింది. జనరేటర్ పావుగంట లేటు. ఏరేటర్లు ఆగినాయి. పొద్దున 4 సార్లు." (చెరువు నీళ్లకి గాలి అందించే యంత్రాలే ఏరేటర్లు.) కింద ఇంకోటి: "40 కౌంటు రేటు తగ్గింది. మధ్యాన్నం నొప్పి." (40 కౌంటంటే కిలోకి 40 తూగే రొయ్యలు.) ఇక్కడిదాకా అత్తగారి వాదనే. కానీ రెండు పేజీలు తిప్పితే, పెళ్లి భోజనం తర్వాత జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గిన మూడు వారాలున్నాయి. చెరువు బ్రహ్మాండంగా ఉంది, పట్టుబడికి మంచి రేటు వచ్చింది, మనిషి హాయిగా ఉన్నారు. కడుపు మాత్రం రోజూ "3 సార్లు, 4 సార్లు." ఆ మూడు వారాలు పేగు తనంతట తానే మాట్లాడింది. ఆ పుస్తకం చూశాకే ఆయనకి రాత్రిపూట మాత్ర, కరెంటు పోతే దానంతటదే అందుకునే జనరేటర్ స్విచ్చి, రెండూ సలహా ఇచ్చాను. రెండోది నా చీటీ మీద రాయలేదు కానీ ఎక్కువ పనిచేసింది అదేనేమో అని నా అనుమానం.

ఇక మీ మాత్ర. దీన్ని మీకు డిప్రెషన్ అని ఇవ్వలేదు. డిప్రెషన్‌కి ఇదే మందు 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. మీకిచ్చింది 10. ఈ మోతాదులో అది పేగు వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది, పేగు నుంచి వెన్నుపాము మీదుగా వెళ్లే నొప్పి కబుర్ల గొంతు తగ్గిస్తుంది. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో 463 మందిని తీసుకుని, అందులో సగం మందికి ఆరు నెలలు ఇలాగే 10తో మొదలుపెట్టి అవసరాన్నిబట్టి 30 దాకా పెంచారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే వీళ్ల కడుపు మెరుగైంది. గమనించాల్సింది ఏమిటంటే, ఆందోళన, డిప్రెషన్ స్కోర్లలో మాత్రం తేడా రాలేదు. మందుల షాపు అబ్బాయికి చెప్పాల్సిన సమాధానం అదే. నోరెండటం, పొద్దున మత్తు మొదటి పది రోజులు ఉంటాయి. రాత్రి తొమ్మిదికల్లా వేసుకుంటే పొద్దున క్లాసుకి మత్తు తగ్గుతుంది. ఫలితం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, నాలుగో రోజున "పనిచేయట్లేదు" అని ఆపేసేవాళ్లే ఎక్కువ. గుండె లయ సమస్య, కొన్ని రకాల గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి సొంతంగా కొనుక్కోకండి. మలబద్ధకం రకం ఐబీఎస్‌కి ఇది అంత నప్పదు కూడా.

నిరోధక కణాల వల్ల అయితే స్టెరాయిడ్ ఇస్తే పోతుంది కదా అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న, దాన్ని ప్రయత్నించి చూశారు కూడా. ఇన్ఫెక్షన్ తర్వాతి ఐబీఎస్‌కి ప్రెడ్నిసొలోన్ పనిచేయలేదు. పేగు పుళ్లకి వాడే మెసలజీన్ కూడా ట్రయల్స్‌లో నిలబడలేదు. ఎబాస్టిన్ అనే అలర్జీ మాత్రతో కొంత మేలు కనిపించింది కానీ తక్కువ మందికే. కాపలావాళ్లని కొట్టి పడేయడం కంటే, వాళ్ల కేకలు నాడులకు తక్కువ వినపడేలా చేయడం ఇప్పటికి మేలైన దారి.

తిండి విషయానికొస్తే మన వైపు జరిగే పెద్ద పొరపాటు ఒకటి ఉంది. కడుపు బాగోలేదనగానే అన్నం మానేసి చపాతీలు మొదలుపెడతారు. డెల్టాలో పుట్టి వరి మానుకోవడం! ఐబీఎస్‌కి గోధుమే ఎక్కువ ఇబ్బంది, అన్నం అన్నిటికంటే తేలిక. గోధుమ, ఉల్లి, వెల్లుల్లిలో ఫ్రక్టాన్లనే పిండిపదార్థం ఉంటుంది. చిన్నపేగు దాన్ని పీల్చుకోలేదు, పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతుంది. పాలు, మామిడి, బాగా పండిన పనస తొనలు కూడా జాబితాలో ఉన్నాయి. జూన్‌లో నా ఓపీ నిండటానికి మామిడిపండు చాలు. వెల్లుల్లి వాసన లేకుండా ముద్ద దిగదంటే, రెబ్బల్ని నూనెలో వేయించి తీసేయండి. ఫ్రక్టాన్లు నూనెలో కరగవు, వాసన మాత్రం నూనెకి పడుతుంది. ఉల్లిపాయకి బదులు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం, పోపులో ఇంగువ. ఇలా నాలుగు నుంచి ఆరు వారాలు ఉండి, తర్వాత ఒక్కోటీ వెనక్కి తెచ్చుకోవాలి. జీవితాంతం పత్యం చేస్తే పేగులో మంచి బాక్టీరియా తగ్గుతుంది, మనిషికి పండగలు కూడా పోతాయి.

లూవెన్‌వాళ్లే 2021లో ఇంకో సంగతి చూపించారు. ఇన్ఫెక్షన్ ఉన్న సమయంలో తిన్న ఆహారాన్ని కూడా పేగు శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చని ఎలుకల్లో నిరూపించారు. తర్వాత ఐబీఎస్ ఉన్న 12 మంది పేగు గోడలో పాలు, గోధుమ, సోయా లాంటివి చుక్క చుక్క ఎక్కిస్తే 12 మందికీ ఏదో ఒకదానికి వాపు వచ్చింది. ఆరోగ్యవంతులు ఎనిమిది మందిలో ఇద్దరికే వచ్చింది. వాళ్ల రక్తంలో, చర్మం మీద మాత్రం ఆ అలర్జీ కనపడలేదు. అందుకే రక్తం ఇచ్చి వందల ఆహారాల జాబితా తెచ్చుకునే పరీక్షలు దండగ.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు కొత్తలో, నర్సాపురం వైపు లేసు అల్లే ఆవిడ వచ్చారు, ఇలాంటి కథే. రిపోర్టులన్నీ చూసి "మీకేం లేదమ్మా, అంతా నార్మల్" అని ఫైలు మూసి ఇచ్చాను. ధైర్యం చెప్పాననుకున్నాను. ఆవిడ విన్నది "నువ్వు అబద్ధం చెప్తున్నావు" అని. ఊరికెళ్లి, కడుపులో అమీబా ఉందన్నవాళ్ల దగ్గర రెండేళ్లు విడతలు విడతలుగా మెట్రోనిడజోల్ వాడారు. మళ్లీ నా దగ్గరికి వచ్చింది కడుపు కోసం కాదు, పాదాలు తిమ్మిరెక్కాయని. వేళ్ల చివర కూడా మొద్దుబారి క్రోషా సూది పట్టు తెలియట్లేదని చేతులు చూపించారు. ఆ మందు ఎక్కువకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి. చేతులు కొన్ని నెలలకి తేరుకున్నాయి, పాదాలు పూర్తిగా కాలేదు. "మీకేం లేదు" అన్న మాట ఆ రోజు నుంచి నా నోటివెంట రానివ్వలేదు.

అలాగని కడుపు ఇబ్బందులన్నీ ఐబీఎస్ కాదు. మలంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, 45 దాటాక కొత్తగా మొదలవడం, ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్ ఉండటం వీటిలో ఏదున్నా మళ్లీ వెతకాల్సిందే. గాల్ బ్లాడర్ తీయించుకున్నాక తిన్న వెంటనే పరుగెత్తే వాళ్లని కూడా టెన్షన్ ఖాతాలో వేస్తుంటారు. అది పైత్యరసం పెద్దపేగులోకి ఎక్కువ దిగడం వల్ల కావచ్చు, దానికి వేరే మందుంది. మీకు ఇవేవీ లేవని రాశారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపుని పట్టిచ్చే ప్రొటీన్) పరీక్ష చేయించకపోతే ఒక్కసారి చేయించండి. 50 లోపు ఉంటే పేగు పుళ్ల భయం దాదాపు వదిలేయొచ్చు.

మనసు వైపు పని కూడా చేయాలి, అది మాత్రకి పోటీ కాదు. కౌన్సెలింగ్‌లో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పేది), పేగు మీద దృష్టి పెట్టే హిప్నోథెరపీకీ ఐబీఎస్‌లో మంచి ఆధారాలున్నాయి. మన ఊళ్లలో హిప్నోథెరపీ చేసేవాళ్లు దొరకడం కష్టం, ఫోనులో కౌన్సెలింగ్ దొరుకుతుంది. అదీ కుదరకపోతే, క్లాసుకి బయల్దేరే ముందు పది నిమిషాలు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా, పొట్ట పైకి లేచేలా శ్వాస తీసుకోండి. వదిలే శ్వాస తీసుకునేదానికంటే పొడుగ్గా ఉండాలి. మొదటి వారం చిరాగ్గా ఉంటుంది. రాత్రి పదకొండు దాకా పేపర్లు దిద్దడం తగ్గించగలిగితే తగ్గించండి, నిద్ర చెడిన మర్నాడు నొప్పి పెరగడం నా పేషెంట్ల డైరీల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ కనపడుతుంది.

చివరి ప్రశ్న, పిల్లల సంగతి. మాత్ర మొదలుపెట్టినంత మాత్రాన ఆ ఆలోచన వాయిదా వేయక్కర్లేదు. కానీ ప్రయత్నం మొదలుపెట్టే ముందే మీ డాక్టరుగారికీ, గైనకాలజిస్టుకీ చెప్పండి. మోతాదు తక్కువ కాబట్టి, కడుపు కుదురుగా ఉన్న నెలల్లో రెండు మూడు వారాలు తగ్గించుకుంటూ ఆపేయడం తేలికే. నెల తప్పాక భయపడి ఒక్క రాత్రిలో మానేయకండి, ఫోన్ చేసి అడగండి. పొడి డబ్బా సంగతి కూడా అప్పుడే వాళ్లకి చెప్పండి, అందులో ఏ మూలికలున్నాయో లేబుల్ ఫోటో తీసి తీసుకెళ్తే ఇంకా మంచిది.